కృష్ణపట్నం రేవుకు సైకిలు మీద: నెల్లూరు, ముత్తుకూరు దారిలో క్షేమంగా పోయి రావడం ఎలా

కృష్ణపట్నం రేవుకు సైకిలు మీద పోయేవాళ్ళు రెండు రకాలు. ముత్తుకూరులోనో, చుట్టుపక్కల పల్లెల్లోనో ఉంటూ రోజూ డ్యూటీకి తొక్కేవాళ్ళు ఒకరు. ఆదివారం పూట నెల్లూరు నుంచి సముద్రం దాకా పోయి రావాలని సరదా పడేవాళ్ళు ఇంకొకరు. మొదటివాళ్ళకు వేరే బండి ఉండదు, రెండోవాళ్ళకు ఈ రోడ్డు సంగతి తెలియదు. ఇద్దరినీ మనసులో పెట్టుకునే రాస్తున్నాను.

ముందు ఇది ఎలాంటి రేవో గుర్తుంచుకోండి. జనం ఓడ ఎక్కి దిగే రేవు కాదు. ఒకప్పుడు బకింగ్‌హాం కాలువలో పడవలు తిరిగిన కాలం ఉంది గానీ, 2008లో ఇప్పటి రేవు మొదలయ్యాక ఇక్కడ కదిలేదంతా సరుకే. బొగ్గు, వంటనూనె, ఎరువులు. పక్కనే నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం, మూడు యూనిట్లూ కలిపి 2400 మెగావాట్లు. కాబట్టి రోడ్డు మీద మీకు తోడుగా వచ్చేవి ట్రైలర్లు, టిప్పర్లు, నూనె ట్యాంకర్లు, బూడిద బండ్లు. పెద్ద ట్రైలర్ సరుకుతో కలిపి 55 టన్నుల దాకా ఉండవచ్చు. మీ సైకిలు ఇరవై కిలోలు.

పన్నెండేళ్ళు ఈ దారిలో తొక్కి నేను తెలుసుకున్నది ఇంతే: డ్రైవరు మిమ్మల్ని చూశాడా లేదా అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది. బయలుదేరే వేళ, ఒంటి మీద చొక్కా, వెనక లైటు, లారీ పక్కన మీరు ఆగే చోటు, అన్నీ అందుకోసమే. కింద చెప్పేవన్నీ ఆ ఒక్క మాట చుట్టూ తిరిగేవే.

మొదటిసారి బస్సులో పోండి

నెల్లూరు నుంచి ముత్తుకూరు ఇరవై కిలోమీటర్ల పైమాటే. అక్కడి నుంచి రేవు పది లోపు. పోవడానికి రెండు దారులున్నాయి. 16వ నంబరు జాతీయ రహదారి వైపు నుంచి రేవుకు వచ్చే వెడల్పాటి పోర్టు రోడ్డు ఒకటి, ఊళ్ళ మీదుగా సాగే పాత ముత్తుకూరు రోడ్డు ఇంకొకటి. రేవు ఒక కొసగా, నెల్లూరు, ఆత్మకూరు, బద్వేలు మీదుగా కర్ణాటకలోకి పోయే 67వ నంబరు రహదారి కూడా ఉంది కనుక, ఎక్కడెక్కడి బండ్లో ఈ చివరి పాతిక కిలోమీటర్లకు వచ్చి చేరతాయి.

వెడల్పు రోడ్డు చూడగానే అదే క్షేమం అనిపిస్తుంది. నేను మాత్రం ముత్తుకూరు దాకా పాత రోడ్డే పట్టమంటాను. అక్కడ గేదెలు అడ్డం వస్తాయి, కుక్కలు వెంటపడతాయి, బస్సు ఎక్కడ పడితే అక్కడ ఆగుతుంది. కానీ ఊరు వచ్చిన ప్రతిసారీ బండ్ల వేగం తగ్గుతుంది. గంటకు అరవై కిలోమీటర్ల మీద వచ్చే లారీ సెకనుకు దాదాపు 17 మీటర్లు వస్తుంది. మీరు తల తిప్పి వెనక్కు చూసి మళ్ళీ ముందుకు చూసేలోపు అది రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం దాటేస్తుంది. అదే ముప్పై మీద వస్తే డ్రైవరుకూ మీకూ ఆలోచించుకోను వ్యవధి ఉంటుంది.

సైకిలు తీసే ముందు ఒకసారి పల్లెవెలుగు బస్సెక్కి, ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుని ఆ దారి మొత్తం చూడండి. కల్వర్టు దగ్గర మార్జిన్ ఎక్కడ సన్నబడుతుందో, ఫ్యాక్టరీ గేట్లు ఎక్కడున్నాయో, లారీలు వరసగా ఎక్కడ ఆపి ఉంటాయో, పంచర్ షాపు, టీ అంగడి ఎక్కడున్నాయో కాగితం మీద రాసుకోండి. సైకిలు మీద ఉన్నప్పుడు ఇవన్నీ ఒకేసారి ఎదురైతే తేల్చుకోను తీరిక దొరకదు.

వేళ చూసుకోవడం

నెల్లూరు నుంచి రేవు మొత్తం మీద ఆగ్నేయ దిక్కున ఉంది. ఈ చిన్న సంగతి చాలా విషయాలు తేలుస్తుంది. చలికాలం పొద్దున సూర్యుడు ఇంచుమించు మీ ఎదురుగా, కొంచెం ఎడమకు లేస్తాడు. మీ కళ్ళు చికిలించుకుంటున్నాయంటే మీ వెనక వచ్చే డ్రైవరు కళ్ళూ అంతే. దుమ్ము పట్టిన అద్దం మీద ఆ ఎండ పడితే ముందున్న సైకిలు అతనికి నల్లటి మచ్చలా కూడా కనపడదు. ఎండాకాలంలో ఇదే గొడవ సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు. అప్పుడు సూర్యుడు వాయవ్యం వైపు ఒరిగి దిగుతాడు, మీరూ అటే వస్తుంటారు. పొద్దు పొడిచాక, పొద్దు గూకే ముందు, ఆ ముప్పావు గంట రోడ్డు మీద లేకుండా చూసుకోండి. డ్యూటీ టైము వల్ల కుదరకపోతే వెనక లైటు పగలే వేసి ఉంచండి.

మార్గశిరం, పుష్యం నెలల్లో వరి చేల మీద మంచు కమ్ముకుంటుంది. సంక్రాంతి చుట్టూ కొన్ని రోజులు ఏడున్నర దాకా ముందున్న మనిషి కనపడడు. అలాంటి రోజు టీ అంగడి దగ్గర ఆగి, మంచు విడిచాకే కదలండి. అరగంట ఆలస్యమైతే సూపర్‌వైజర్ తిడతాడు, తిట్టనివ్వండి. నేను రెండుసార్లు తిట్లు తిన్నాను, పనిలోనే ఉన్నాను.

రేవులో షిఫ్టు మారే వేళకు ముందూ వెనకా అరగంట రోడ్డంతా మోటారు సైకిళ్ళు, కంపెనీ బస్సులు. అందరూ తొందరలో ఉంటారు. మీ షిఫ్టు టైముకు కనీసం నలభై నిమిషాలు ముందుగా గేటు దగ్గర ఉండేలా బయలుదేరితే ఆ తొక్కిడిలో పడరు.

ఇక ఎండ. మే నెలలో మన జిల్లాలో నలభై డిగ్రీలు దాటడం మామూలే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు. పదకొండు నుంచి నాలుగు దాకా తొక్కవద్దు. నెల్లూరు నుంచి వచ్చేవాళ్ళు రెండు లీటర్ల నీళ్ళు, ఒక సీసా ఉప్పేసిన మజ్జిగ తెచ్చుకోండి. తల తిరిగినట్టుంటే, చెమట పట్టడం ఆగిపోయినట్టుంటే అదే వడదెబ్బకు గుర్తు. నీడన కూర్చుని తల, మెడ తడుపుకోండి. ఆ పూటకు సైకిలు ఎక్కకండి.

సైకిలు సిద్ధం చేయడం

గేర్లున్న ఖరీదైన సైకిలు అక్కర్లేదు. నాది పాత నల్ల సైకిలే. రెండు బ్రేకులూ పట్టాలి. బ్రేకు రబ్బర్లు అరిగితే ఆ రోజే మార్చండి. టైర్లలో గాలి గట్టిగా ఉండాలి. లారీలు తిరిగే రోడ్డు మీద మేకులు, తీగముక్కలు ఎక్కువ, మెత్తటి టైరు త్వరగా పంచరవుతుంది.

లైటు మాత్రం మంచిది కొనండి. వెనక మినుకుమినుకుమనే ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు. డైనమో ఉన్నా ఇవి వేరుగా పెట్టుకోండి, ఎందుకంటే సైకిలు ఆగితే డైనమో ఆగిపోతుంది, మీరు ప్రమాదంలో ఉండేది ఆగినప్పుడే. వెనక మడ్గార్డుకు, పెడళ్ళకు, చక్రాల కమ్మీలకు రేడియం స్టిక్కరు అంటించండి. పెడళ్ళ మీద అంటిస్తే కాలు ఆడినప్పుడల్లా ఆ మెరుపు పైకీ కిందికీ కదులుతుంది. కదిలే మెరుపు చూడగానే ముందున్నది సైకిలని డ్రైవరుకు దూరం నుంచే తెలుస్తుంది. ఇది నాకు ఒక ట్యాంకరు డ్రైవరన్న చెప్పిన మాట. రేవులో ఇచ్చే మెరిసే జాకెట్టు గేటు లోపల వేసుకుని బయటికి రాగానే విప్పేస్తారు చాలామంది. దాన్ని ఇంటిదాకా వేసుకోండి. లోపల కంటే బయటే దానితో పని ఎక్కువ.

హెల్మెట్టు సైకిలుకు చట్టం అడగదు, అయినా పెట్టుకోండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. వెనక బండి ఏదో, ఎంత దగ్గరలో ఉందో చెప్పేది చెవే.

లారీ పక్కన ఎలా ఉండాలి

ఇది నిదానంగా చదవండి. మన దగ్గర డ్రైవరు కుడివైపు, ఎత్తులో కూర్చుంటాడు. ఆయనకు కనపడని చోట్లు రెండు ముఖ్యమైనవి: బంపరుకు ఆనుకుని ఎదురుగా, కేబిన్ పక్కన ఎడమవైపు. మనం సైకిలు మీద ఎప్పుడూ ఉండేది రోడ్డు ఎడమ అంచున. అంటే ఆయనకు కనపడని వైపే మన చోటు. ఆగి ఉన్న లారీకి ఎడమ పక్క సందులోంచి ముందుకు జారిపోవడం అందరికీ అలవాటు. ఆ అలవాటు ఇవాళే మానండి. గేటు దగ్గరైనా, జంక్షన్ దగ్గరైనా లారీ వెనకే, రెండు సైకిళ్ళ పొడవు దూరంలో, అద్దంలో మీకు డ్రైవరు ముఖం కనపడే చోట ఆగండి. ఆయన ముఖం మీకు కనపడకపోతే మీరు ఆయనకు కనపడరు.

ట్రైలర్ ఎడమకు తిరిగేటప్పుడు ముందు కుడికి వెళుతుంది. పొడవాటి బండి కాబట్టి ముక్కు బయటికి తీసుకుపోతే గానీ వెనక భాగం గేటులో పట్టదు. వెనకున్న సైకిలు మనిషికి అది కుడికి పోతున్నట్టో, నేరుగా పోతున్నట్టో అనిపిస్తుంది. ఎడమన చోటు ఖాళీ అయిందని ముందుకు దూరతాడు. అప్పుడు ముక్కు ఎడమకు తిరుగుతుంది, వెనక చక్రాలు ముందు చక్రాలు పోయిన దారిన పోక లోపలికి కోసుకుంటూ వస్తాయి. మనిషికీ గోడకూ మధ్య చోటు ఉండదు. ఫ్యాక్టరీ గేటు కనపడగానే, ముందున్న ట్రైలర్ వేగం తగ్గగానే, మీరు తొక్కడం ఆపండి. అది పూర్తిగా లోపలికి పోయేదాకా కాలు నేల మీదే పెట్టి ఉంచండి.

ఆగి ఉన్న లారీల వరసను దాటేటప్పుడు వాటికి ఒక మనిషి చేయి చాచినంత దూరంలో పోండి. 2016లో నేను అంచుకు ఆనుకుని పోతుంటే క్లీనర్ తలుపు తీశాడు. హ్యాండిల్ తగిలి రోడ్డు మధ్యకు పడ్డాను. వెనక ఏ బండీ రాలేదు కాబట్టి ఇది రాస్తున్నాను. ఆ క్లీనర్ పిల్లవాడు నాకంటే ఎక్కువ వణికిపోయాడు. దూరంగా పోవాలంటే రోడ్డులోకి రావాలి కదా అంటారేమో. అందుకే వరస మొదలు కాకముందే వెనక్కు చూసి, చేయి చూపించి, నిదానంగా కుడికి జరిగి, వరస అయ్యేదాకా అదే గీతన నేరుగా పోవాలి. రెండు లారీల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా లోపలికీ బయటికీ వంకరలు పోతే వెనకవాడికి మీరు ఎటు వస్తారో అర్థం కాదు.

రాంగు రూటు గురించి కూడా చెప్పాలి. డివైడరున్న రోడ్డు మీద దారి ఒక కిలోమీటరు ముందెక్కడో ఉంటుంది, మన గేటేమో ఇక్కడే కనపడుతుంటుంది. రెండు నిమిషాలే కదా అని ఎదురు వస్తారు. మీరు 15, లారీ 60 మీద వస్తుంటే రెండూ కలిసి 75 వేగంతో దగ్గరవుతాయి. పైగా పక్క రోడ్డులోంచి ఎక్కే బండివాడు తనకు కుడివైపు మాత్రమే చూస్తాడు, మీరు ఎడమ నుంచి వస్తారు. దిగి, మార్జిన్ మీద సైకిలు నడిపించుకుపోండి. నడిపిస్తే పది నిమిషాలు, అంతే.

గాలి ఎటు నుంచి వీస్తే ఏం చేయాలి

సముద్రం దగ్గర తొక్కేవాళ్ళకు మాత్రమే తెలిసే సంగతి ఇది. ఎండాకాలంలో తెల్లవారుజామున నేల మీద నుంచి సముద్రం వైపు, మధ్యాహ్నం దాటాక సముద్రం మీద నుంచి నేల వైపు గాలి మళ్ళుతుంది. పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాళ్ళకు రెండు పూటలా వెన్నుగాలే. నెల్లూరు నుంచి వచ్చేవాళ్ళు దీన్ని వాడుకోండి.

కష్టమంతా పక్కగాలితో. కార్తీకం చుట్టూ ఈశాన్యం గాలి బలంగా ఉంటుంది. రేవుకు పోయేటప్పుడు అది ఎడమ నుంచి కొట్టి రోడ్డు మధ్యకు నెడుతుంది. అంచుకు మరీ ఆనుకోకుండా, తెల్ల గీతకు లోపల ఒక జానెడు చోటు ఉంచుకుని తొక్కండి. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి కుడి నుంచి వస్తుంది. గాలికి ఆనుకుని మీకు తెలియకుండానే కుడికి వాలి తొక్కుతుంటారు. అప్పుడు ఒక ట్రైలర్ మిమ్మల్ని దాటితే గాలికి గోడ కట్టినట్టు అడ్డమవుతుంది. ఆనుకున్నది ఒక్కసారిగా లేకుండా పోయేసరికి సైకిలు లారీ వైపే తూలుతుంది. ఆషాఢంలో నైరుతి గాలికి పోయేటప్పుడు ఇదే తిప్పలు. వెనక పెద్ద బండి శబ్దం వినగానే హ్యాండిల్ రెండు చేతులా పట్టి, మోచేతులు కొంచెం వంచి, తొక్కడం తగ్గించి, ఒంటిని నిలువుగా తెచ్చుకోండి. బండి తోక దాటాక మళ్ళీ గాలి కొడుతుంది, దానికీ కాచుకుని ఉండండి.

రోడ్డు అంచు మీద కన్ను

బూడిద, బొగ్గుపొడి, ఇసుక అంచున పేరుకుంటాయి. ఎండినప్పుడు జారుతాయి, తడిసినప్పుడు ఇంకా జారుతాయి. రొయ్యల బండ్ల నుంచి ఐసునీళ్ళు కారుతుంటాయి. వీటి మీద బ్రేకు వేయకుండా, హ్యాండిల్ తిప్పకుండా నేరుగా దాటాలి. రైలు పట్టాలు ఎదురైతే వాటికి అడ్డంగా, నిటారుగా దాటండి. ఏటవాలుగా పోతే చక్రం పట్టా సందులో పడుతుంది.

మన జిల్లాలో ఇంకొకటి ఉంది, ధాన్యం ఆరబోత. మార్చి, ఏప్రిల్‌లో మొదటి పంట కోతలకు, ఆగస్టు, సెప్టెంబరులో ఎడగారు, అంటే రెండో పంట కోతలకు సగం రోడ్డు వడ్లతో నిండుతుంది. రైతుకు కళ్ళం లేదు, ఆ బాధ నాకు తెలుసు, మా ఇంట్లోనూ వడ్లు రోడ్డు మీదే ఆరాయి. కానీ చుట్టూ పేర్చిన రాళ్ళు, రాత్రి కప్పిన నల్ల పట్టలు సైకిలువాళ్ళ పాలిటి గోతులు. ఆ నెలల్లో రాత్రి పాత రోడ్డు వద్దు. రైతు సోదరులు ఎవరైనా ఇది చదివితే, చీకటి పడే ముందు రాళ్ళు తీసేయండి. తీయలేకపోతే వాటికి సున్నమైనా పూయండి.

రాత్రి షిఫ్టు, వాన

రాత్రి ఒంటరిగా పోకండి. నలుగురు కలిసి, ఒకరి వెనక ఒకరు, మంచి లైటున్న మనిషి చివర ఉండేలా పోండి. పక్కపక్కన కబుర్లాడుతూ పోవద్దు. నేను ఆగే టీ అంగడి అక్క లైటు లేని పిల్లలను చూస్తే, "ఒరే, చీకట్లో అట్నే పోబాకండిరా, వాళ్ళతో కలిసి పోండి" అని కూర్చోబెట్టి, ఇంకో జట్టు వచ్చాకే పంపిస్తుంది. ఎదురు బండి లైటు కళ్ళలో కొడితే దాన్ని చూడకండి, ఎడమన తెల్ల గీతను చూస్తూ వేగం తగ్గించండి.

మనకు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నీళ్ళు నిలిచిన చోట గుంట ఎంతుందో తెలియదు. ముందు పోయిన బండి చక్రం ఎంత మునిగిందో చూశాకే దిగండి. తుఫాను రోజుల్లో రేవులో ఎగరేసే హెచ్చరిక నంబరు కనుక్కోండి. ఒకటి, రెండు దూరాన సముద్రంలో ఉన్నదానికి. మూడు వచ్చిందంటే రేవునే ఈదురుగాలి తాకే ముప్పు ఉందని. మూడు దాటాక సైకిలు బయటికి తీయవద్దు.

ఏదైనా జరిగితే

క్యారియర్ కింద ప్లాస్టిక్ కవరులో ఒక చీటీ పెట్టుకోండి: పేరు, ఇంటి ఫోను, రక్తం గ్రూపు. దెబ్బ తగిలితే ముందు రోడ్డు మీద నుంచి పక్కకు రండి. నడుము, మెడ కదపలేని మనిషిని మాత్రం 108 వచ్చేదాకా లాగకండి, ఒకరు వెనక నిలబడి బండ్లను ఆపండి. పోలీసులకు 112, జాతీయ రహదారి మీదైతే 1033 కూడా పనిచేస్తుంది. సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామని భయపడకండి. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఎ సెక్షన్ సాయపడినవారిని కాపాడుతుంది.

లారీ ఆగకుండా పోయినా ఫిర్యాదు చేయండి. గుద్ది పారిపోయిన బండి కేసుల్లో 2022 ఏప్రిల్ నుంచి చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేల రూపాయల పరిహారం ఉంది. మోటారు బండి వల్ల దెబ్బతిన్నవారికి మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర దాకా డబ్బు కట్టకుండా వైద్యం అందించే పథకం 2025 మేలో వచ్చింది. ఈఎస్ఐ కార్డున్నవాళ్ళు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. ఇంటి నుంచి డ్యూటీకి పోయే దారిలో, తిరిగి వచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా, ఆ ప్రయాణానికీ పనికీ సంబంధం తేలితే, పనిలో జరిగినట్టే 2010 నుంచి చట్టం లెక్కిస్తుంది. కాబట్టి చిన్న దెబ్బే కదా అని ఇంటికి పోకుండా, అదే రోజు ఆసుపత్రిలో రాయించి, మీ కాంట్రాక్టరుకు కాగితం మీద తెలియజేసి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

ఇంటికి చేరాక సైకిలు ఒక బక్కెట్ మంచినీళ్ళతో కడగండి. ఉప్పుగాలికి చైను వారంలోనే ఎర్రబడుతుంది. పాత బట్టతో తుడిచి, లింకు లింకుకూ ఒక్కో చుక్క మెషీన్ నూనె వేసి, పెడల్ వెనక్కు తిప్పి, ఎక్కువైన నూనె తుడిచేయండి. వెనక లైటు చార్జింగులో పెట్టాకే అన్నానికి కూర్చోండి.